కొండ దిగి వైజాగ్ వచ్చేవాళ్ళ కోసం

పోస్టు పెద్దదైపోయింది, ఏమీ అనుకోవద్దు. తీరిక ఉన్నప్పుడు చదవండి. ఇంట్లో ఎవరికైనా వైజాగ్ రావాల్సిన పని ఉంటే చదివి వినిపించండి.

మొన్న ఆదివారం హాస్టల్లో పడుకుని ఫోన్లో వైజాగ్ గురించి వెతికాను. ఎక్కడ చూసినా ఒకటే వరస. ఆర్కే బీచ్, సబ్‌మెరైన్, కైలాసగిరి, రుషికొండ, ఆ తర్వాత అరకు. అరకు ఎలా వెళ్ళాలి, రైల్లో అద్దాల పెట్టెకి టికెట్ ఎలా తీసుకోవాలి, బొంగు చికెన్ ఎక్కడ బాగుంటుంది, ధింసా ఎక్కడ ఆడతారు. అంతా మన దగ్గరికి వచ్చేవాళ్ళ కోసం రాసిందే. మనం అక్కడి నుంచి ఇక్కడికి ఎలా దిగాలి, దిగాక ఎటు వెళ్ళాలి అని రాసినోళ్ళు నాకు ఒక్కరూ కనపడలేదు. మనం చూడ్డానికి రాము కదా. పరీక్ష రాయడానికి వస్తాం, ఆస్పత్రికి వస్తాం, సీటు కోసం, పని కోసం వస్తాం. ఇక్కడికొచ్చి రెండేళ్ళు దాటింది. నాకు తెలిసింది రాస్తున్నా.

ముందు నా సంగతి చెప్పాలి. మా ఇంట్లో పదో తరగతి దాటింది నేనే మొదట. ఇంటర్ అయ్యాక అగ్రికల్చర్ బీఎస్సీ చదవాలని ఆశ. మాకు కాఫీ, మిరియాలు కొంచెం ఉన్నాయి, ఆ చదువు అయితే ఇంటికీ పనికొస్తుందని మాస్టారు చెప్పారు. ఎంట్రన్స్‌కి అప్లై చేశా. హాల్ టికెట్ మీద సెంటర్ విశాఖపట్నం అని వచ్చింది. పరీక్ష పొద్దున్న 9 గంటలకి. నాన్న, నేను అర్ధరాత్రే లేచి, నాలుగింటికి అరకులో జీపు పట్టుకుని ఎస్.కోటలో దిగి, అక్కడ వైజాగ్ బస్సు ఎక్కాం. నాన్న చొక్కా లోపలి జేబులో ఆ నెల మిరియాలు అమ్మిన డబ్బులు.

కాంప్లెక్స్‌లో దిగేసరికి 8:30 అయింది. ఇంకా అరగంట ఉంది కదా అనుకున్నాం. ఒక ఆటో ఆయనకి హాల్ టికెట్ చూపిస్తే చదివి, "బాబూ, ఇది చినముషిడివాడ. పెందుర్తి దగ్గర. మీరు ఏ ఊరి నుంచి వచ్చారు?" అన్నాడు. ఎస్.కోట మీదుగా వచ్చామని చెప్పాం. "అయితే దాని పక్క నుంచే వచ్చేశారు కదా" అన్నాడు.

నాకు అప్పుడు అర్థం కాలేదు. పెందుర్తిలో మా బస్సు ఆగింది కూడా. కండక్టర్ "పెందుర్తి, పెందుర్తి" అని అరిస్తే నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నా. అక్కడ దిగి ఉంటే టైముకి ముందే గేటు దగ్గర ఉండేవాళ్ళం. వచ్చిన దారినే మళ్ళీ వెనక్కి ఆటోలో వెళ్ళాం. 500 అడిగాడు, ఇచ్చాం. ఆయన తప్పేమీ లేదు, తోలగలిగినంత స్పీడుగానే తోలాడు. గేటు దగ్గరికి చేరేసరికి 9:20. గేటు వేసేశారు. నిమిషం ఆలస్యమైనా పంపకూడదని రూలు, హాల్ టికెట్ వెనకాల రాసే ఉంది. నాన్నకి చదువు రాదు, నేను చదవలేదు.

నాన్న ఏమీ అనలేదు. గేటు బయట చెట్టు కింద కూర్చుని చాలాసేపయ్యాక, "ఒరే, ఇదంతా ఒక ఊరేనేటిరా?" అన్నాడు. మన దగ్గర ఊరంటే నలభై యాభై ఇళ్ళు. విశాఖపట్నం అని ఉంటే విశాఖపట్నంలో దిగితే చాలు అనుకున్నాం.

ఆ సీటు అలా పోయింది. తర్వాత ఇక్కడే డిగ్రీలో బీఎస్సీ చేరాను. అందుకే మొదటగా చెప్పేది ఇదే. హాల్ టికెట్ మీద చివరి లైను చూసి బయల్దేరకండి, దాని పై లైను చూడండి. కాలేజీ పేరు పక్కన ఉన్న పేట పేరే అసలు అడ్రస్. గంభీరం అనో, గాజువాక అనో, మధురవాడ అనో ఉంటుంది. ఒకదానికీ ఇంకోదానికీ మధ్య ఇరవై, ముప్పై కిలోమీటర్లు ఉండొచ్చు. ఆ పేరు మ్యాప్‌లో పెట్టి, మన బస్సు దారిలో తగులుతుందా లేదా చూసుకోండి. వీలైతే ముందు రోజే దిగిపోండి.

ఇప్పుడు ఊరు ఎలా ఉంటుందో చెప్తా. నాకు ఇది అర్థం కావడానికి ఆరు నెలలు పట్టింది. కాంప్లెక్స్ అంటే ఆర్టీసీ బస్టాండ్. బోర్డు మీద ద్వారకా బస్ స్టేషన్ అని ఉంటుంది గానీ ఆ పేరుతో అడిగితే సగం మందికి తెలీదు, కాంప్లెక్స్ అనే అనాలి. అక్కడ నిలబడి సముద్రం వైపు వెళ్తే జగదాంబ, కేజీహెచ్, కలెక్టరాఫీసు, ఆర్కే బీచ్ వస్తాయి. శ్రీకాకుళం వైపు వెళ్తే మద్దిలపాలెం, హనుమంతవాక, ఎండాడ, మధురవాడ వస్తాయి. మూడో వైపు కంచరపాలెం మీదుగా ఎన్ఏడీ. ఈ ఎన్ఏడీ ముఖ్యం, మనవాళ్ళు గుర్తుపెట్టుకోవాలి. అక్కడ దారి చీలుతుంది. ఒకటి గాజువాక, స్టీల్ ప్లాంట్, అనకాపల్లి వైపు పోతుంది. ఇంకోటి గోపాలపట్నం, పెందుర్తి, కొత్తవలస, ఎస్.కోట మీదుగా మన అరకుకి. ఎన్ఏడీ అంటే నేవీ వాళ్ళ ఆయుధాల డిపో అని నాకు మొన్నీమధ్యే తెలిసింది. రెండేళ్ళుగా అదేదో ఊరి పేరు అనుకుంటున్నా.

పాడేరు వైపు నుంచి చోడవరం మీదుగా వచ్చేవాళ్ళు కూడా కాంప్లెక్స్ దాకా రావాలనేం లేదు. గాజువాక వైపు పనుంటే కండక్టర్‌ని అడిగి ముందే దిగిపోవచ్చు. కండక్టర్‌ని అడగడానికి మొహమాటపడొద్దు. మనం మాట్లాడితే యాస వస్తుందని నోరు మూసుకుని కూర్చుంటాం, నేనూ అంతే. ఆ రోజు పెందుర్తిలో నోరు తెరిచి ఒక్క మాట అడిగుంటే సరిపోయేది.

సిటీ బస్సుల్లో రెండు నంబర్లు చాలు మొదట్లో. 28కె కొత్తవలస నుంచి పెందుర్తి, ఎన్ఏడీ మీదుగా ఆర్కే బీచ్ దాకా వెళ్తుంది. 900కె రైల్వే స్టేషన్ నుంచి రుషికొండ మీదుగా భీమిలి వెళ్తుంది. మిగతావి నెమ్మదిగా వాటంతట అవే వచ్చేస్తాయి. షేర్ ఆటోలు అడుగడుక్కీ ఉంటాయి. ఎక్కేముందు "ఎంత?" అని అడిగి ఎక్కండి, దిగాక అడిగితే రేటు మారిపోద్ది. సంచి, దుప్పటి, చేతిలో ఆస్పత్రి కాగితాలు చూస్తే కొత్తోళ్ళని తెలిసిపోతుంది. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో డబ్బులు లేవు. ఆధార్ చూపిస్తే సున్నా టికెట్ ఇస్తారు. మా అమ్మ మొన్న వచ్చినప్పుడు ఆ సున్నా టికెట్‌ని మడిచి పర్సులో దాచుకుంది.

రైలు సంగతి. పగలు నడిచే కిరండోల్ పాసింజర్ పొద్దున్న ఏడు కాకముందే వైజాగ్‌లో బయల్దేరుతుంది, పదకొండు ప్రాంతంలో అరకు చేరుతుంది. పొద్దున్న వచ్చి, బొర్రా గుహలు చూసి, సాయంత్రం వెళ్ళిపోయేవాళ్ళకి బాగుంటుంది. మనకి మాత్రం తిరగేసి ఉంటుంది. మనం సాయంత్రం ఎక్కితే రాత్రి దిగుతాం, అప్పుడు ఏ ఆఫీసూ ఉండదు, ఓపీ ఉండదు. పొద్దున్నే పని ఉన్నవాళ్ళు దాన్ని నమ్ముకుంటే రాత్రి పడక కూడా చూసుకోవాలి. కానీ చౌక, కుదుపు తక్కువ. ముసలివాళ్ళకీ, ఘాట్ రోడ్డులో వాంతులు అయ్యేవాళ్ళకీ అదే మేలు. మా నాయనమ్మ ఇప్పటికీ వైజాగ్‌ని వాల్తేరు అంటుంది. స్టేషన్‌కి ఒకప్పుడు ఆ పేరే. ఇంకో మాట, వేరే రాష్ట్రాలకి పనికి వెళ్ళే అన్నలు టికెట్ తీసేటప్పుడు స్టేషన్ పేరు సరిగ్గా చూసుకోండి. కొన్ని దూరం బళ్ళు వైజాగ్ స్టేషన్ లోపలికి రావు. లోపలికి వస్తే ఇంజను తిప్పి పెట్టాలి కాబట్టి దువ్వాడ మీదుగానే వెళ్ళిపోతాయి. దువ్వాడ స్టీల్ ప్లాంట్ దగ్గర, వైజాగ్ స్టేషన్‌కి చాలా దూరం.

పడుకునే చోటు గురించి చాలామంది అడుగుతారు. రైల్వే స్టేషన్‌లో వెయిటింగ్ హాలు ఉంది, టికెట్ ఉన్నవాళ్ళు కూర్చోవచ్చు. సామాన్లు పెట్టుకునే క్లోక్ రూమ్ ఉంది. లాడ్జిలో దిగాలంటే అందరి ఆధార్ కార్డులూ ఉండాలి. లేదంటే చుట్టం పక్కం ఎవరి హాస్టల్లో ఉన్నారో ముందే కనుక్కోండి. తిండికి అన్న క్యాంటీన్లు ఉన్నాయి, పూటకి 5 రూపాయలు. క్యూలో నిలబడాలి గానీ వేడిగా పెడతారు. పుస్తకాలకీ, కోచింగ్‌కీ అందరూ వచ్చేది ద్వారకానగర్‌కి, కాంప్లెక్స్ పక్కనే. అక్కడే పౌర గ్రంథాలయం ఉంది. బస్సుకి నాలుగు గంటలుంటే ఫుట్‌పాత్ మీద ఎండలో కూర్చోకుండా అక్కడికి వెళ్ళండి. ఇక్కడి ఎండ మన ఎండ కాదు. ఒళ్ళంతా జిగట, ఉక్కపోత. మా ఊరు నుంచి స్వెటర్ వేసుకుని దిగినవాడు ఎన్ఏడీ వచ్చేసరికి బనీను కూడా విప్పేద్దామనుకుంటాడు.

కేజీహెచ్. మనవాళ్ళు ఎక్కువ మంది వచ్చేది దానికే. ఆస్పత్రి వాలు మీద కట్టారు, పైనొక దారి, కిందొక దారి. ఊర్లో వాళ్ళు కేజీహెచ్ అప్, కేజీహెచ్ డౌన్ అంటారు. నడవలేని మనిషిని తీసుకొస్తే ఏ వార్డు ఎటువైపో అడిగి ఆటో అక్కడిదాకా తీసుకెళ్ళండి, కింద దిగి ఎక్కడం కష్టం. ఓపీ చీటీ పొద్దున్నే తీసుకోవాలి. ఆధార్, రేషన్ కార్డు, పాత చీటీలు, పీహెచ్‌సీలో రాసిచ్చిన కాగితం అన్నీ ఒక కవర్లో పెట్టి, ప్రతిదీ రెండు జెరాక్సులు తీసుకుని రండి. మన ఏజెన్సీ వాళ్ళ కోసం అక్కడ ఎస్టీ సెల్ ఉంది, దాని గురించి అడగండి. నాయనమ్మ కంటి పనికి వెళ్ళినప్పుడు నేను ఒక్కటి నేర్చుకున్నా. డాక్టరు చెప్పింది తెలుగులో అర్థమైనట్టు తలూపుతుంది, బయటికొచ్చాక మన భాషలో నన్ను అడుగుతుంది "ఏమన్నాడు?" అని. అందుకే ముసలివాళ్ళని ఒంటరిగా పంపకండి. చదువుకున్నోళ్ళు ఒకరు లోపలికి వెళ్ళి, మందు ఏ పూటకి ఎన్నో కాగితం మీద బొమ్మలు వేసి ఇవ్వండి. నేను సూర్యుడు, చంద్రుడు వేసి ఇచ్చా.

ఇంకో పొరపాటు చాలామంది చేస్తున్నారు. 2022 ఏప్రిల్ 4 నుంచి మనది అల్లూరి సీతారామరాజు జిల్లా, కలెక్టరాఫీసు పాడేరులో ఉంది. మా నాన్నకి ఇప్పటికీ కలెక్టర్ అంటే వైజాగే. పోయినేడాది మా ఊరి పెద్దాయన ఒకరు పొలం కాగితం పట్టుకుని ఇక్కడి కలెక్టరేట్ దాకా వచ్చి, ఇక్కడ కాదంటే మళ్ళీ పాడేరు వెళ్ళాడు. మూడు రోజులు, రెండు కూలీలు పోయాయి. కుల ధ్రువీకరణ కూడా మన మండలంలోనే ఇస్తారు. దాని కోసం ఎవరైనా వైజాగ్ రమ్మంటే అనుమానించండి.

ఇప్పుడు రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించిన విషయం. బస్సు దిగే ముందు దారిలో ఒక చోట తనిఖీ ఉంటుంది. ఒకసారి బస్సులో 40 మంది ఉంటే నన్నూ, నా పక్కనున్న ఇద్దరు మనోళ్ళనీ మాత్రమే కిందకి దింపి బ్యాగులు విప్పించారు. నా బ్యాగులో పుస్తకాలు, అమ్మ పెట్టిన రాజ్మా, పసుపు. పసుపు పొట్లం కూడా విప్పి వాసన చూశారు. బస్సు మొత్తం కిటికీల్లోంచి చూసింది. ఆ అవమానం ఇప్పటికీ పోలేదు. కానీ ఎందుకు వెతుకుతారో కూడా మనకి తెలుసు, తెలియనట్టు నటించి లాభం లేదు. మా పక్క ఊరి అబ్బాయి, నాతో పాటు ఆశ్రమ పాఠశాలలో చదివినవాడు, ఎవరో ఇచ్చిన రెండు సంచులు వైజాగ్ చేరిస్తే 5,000 ఇస్తామంటే తెచ్చాడు. ఇప్పుడు జైల్లో ఉన్నాడు. గంజాయి 20 కిలోలు దాటితే చట్టంలో తక్కువలో తక్కువ 10 ఏళ్ళు, 20 ఏళ్ళ దాకా వేయొచ్చు. సంచి ఇచ్చినోడు దొరకలేదు. వాళ్ళ అమ్మకి కేసు అంటే ఏంటో, బెయిల్ అంటే ఏంటో తెలీదు, ములాఖత్‌కి రావడానికి దారి తెలీదు. ఒకసారి నేనే కాంప్లెక్స్‌లో కలిసి తీసుకెళ్ళా. దారి పొడవునా కొడుక్కి తెచ్చిన పనసపండు లోపలికి ఇవ్వనిస్తారా అని అడుగుతూనే ఉంది. ఇవ్వనివ్వలేదు. కాబట్టి తమ్ముళ్ళూ, తెలిసినవాడిచ్చినా సరే, మామ వరస వాడిచ్చినా సరే, మీరు సర్దని సంచి మీరు మోయకండి. పక్క సీటువాడు "కాస్త చూస్తుండు తమ్ముడూ" అని పెట్టిన సంచి పక్కన కూడా కూర్చోకండి. అలాగే కాంప్లెక్స్‌లో దిగగానే హాస్టల్లో ఉద్యోగం, ఇంట్లో పని అని చెల్లెళ్ళని పలకరించేవాళ్ళు ఉంటారు. వాళ్ళతో మాట కలపకుండా లోపల ఉన్న పోలీసు బల్ల దగ్గరికి గానీ, ఆర్టీసీ ఎంక్వయిరీ దగ్గరికి గానీ వెళ్ళిపోండి.

సముద్రం గురించి కూడా ఒక మాట. మనం వాగుల్లో, గెడ్డల్లో పుట్టినప్పటి నుంచి ఈదినోళ్ళం, భయం ఉండదు. మొదటి వారంలోనే ఆర్కే బీచ్‌లో మోకాలి లోతులో నిలబడ్డా. అల వెనక్కి వెళ్తూ కాళ్ళ కింద ఇసుకంతా లాగేసింది, వెల్లకిలా పడ్డా, పక్కనున్న కాలేజీ కుర్రాడు చొక్కా పట్టుకుని లాగాడు. వాగు ఎటు పోతుందో కనిపిస్తుంది. సముద్రం పైన ఒకవైపు వస్తూ కింద ఇంకోవైపు లాగుతుంది. ఈత వచ్చినోళ్ళు కూడా పోతారు. పరీక్ష అయిపోయిన సంతోషంలో గుంపుగా వెళ్ళినప్పుడే ఎక్కువ. ఒడ్డున కూర్చుని చూడండి, మొక్కజొన్న పొత్తు తినండి, సబ్‌మెరైన్ లోపలికి వెళ్ళండి. కురుసుర అని నిజంగా నేవీలో పనిచేసిన సబ్‌మెరైనే, 2001లో డ్యూటీ నుంచి తీసేసి ఒడ్డుకి తెచ్చి మ్యూజియం చేశారు. సోమవారం మూసి ఉంటుంది.

ఒక్క చోటు మాత్రం మీరు తప్పకుండా చూడాలని నా కోరిక. నాన్న పోయిన చలికాలంలో నన్ను చూడ్డానికి వస్తే తీసుకెళ్ళా. పాత పోస్టాఫీసు వైపు వెళ్ళే బస్సు ఎక్కి ఓల్డ్ టౌన్‌లో దిగితే మూడు చిన్న కొండలు పక్కపక్కనే ఉంటాయి. ఒకదాని మీద గుడి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద మేరీమాత చర్చి. చర్చి కొండ ఎక్కితే కింద పోర్టు మొత్తం కనిపిస్తుంది. ఎదురుగా డాల్ఫిన్స్ నోస్ కొండ, ఆ రెంటి మధ్య సన్నటి దారిలోంచి ఇంత ఓడ లోపలికి వస్తుంది. పోర్టు లోపలికి మనల్ని రానివ్వరు, పాస్ ఉండాలి. పైనుంచి చూడ్డానికి ఎవరూ అడ్డుచెప్పరు, డబ్బులు లేవు.

పోర్టు 1933లో మొదలైంది. మన అరకు మీదుగా వెళ్ళే లైను మాత్రం 1960ల్లో వేశారు, బైలదిల్లా కొండల్లో తవ్విన ఇనుప రాయి జపాన్‌కి పంపడానికి. మా తాత ఆ లైనుకి రాళ్ళు మోశాడని ఇంట్లో చెప్పుకుంటారు. చిన్నప్పుడు రాత్రుళ్ళు ఆ గూడ్సు బళ్ళ చప్పుడు వింటూ పడుకునేవాళ్ళం. డబ్బాలు లెక్కపెడుతూ నిద్రపోయేవాణ్ణి. ఆ రాయి ఎక్కడికి పోతుందో ఇంట్లో ఎవరికీ తెలీదు, కిందకి పోతుంది అనేవాళ్ళు అంతే.

నాన్నకి ఆ కొండ మీద నుంచి ఎర్రటి గుట్టలు చూపించా. "మన ఇంటి పక్క నుంచి వచ్చేది అదే నాన్నా" అన్నా. చాలాసేపు చూశాడు. "మీ తాత ఇంత దూరం రాలేదు" అన్నాడు. ఇంకాసేపటికి, "అయితే ఆ రాయి మనకంటే ముందే వైజాగ్ చూసిందన్నమాట" అని నవ్వాడు. చెట్టు కింద కూర్చున్న ఆ రోజు తర్వాత వైజాగ్‌లో నాన్న నవ్వగా చూడ్డం నాకు అదే మొదటిసారి. తర్వాత ఆకలేస్తోందన్నాడు, పూర్ణా మార్కెట్ దగ్గర ఇడ్లీ తిన్నాం.

మా చెల్లి ఇంటర్ అయింది. తనకి కూడా ఎంట్రన్స్ ఉంది, సెంటర్ గాజువాక వైపు పడింది. మొన్న సెలవు రోజు నేను వెళ్ళి చూసొచ్చా. ఎన్ఏడీలో బస్సు మారాలి, దిగిన చోటు నుంచి ఎనిమిది నిమిషాల నడక, గేటు ఎదురుగా జెరాక్స్ షాపు ఉంది, పక్కనే నీళ్ళ ట్యాంకు. అన్నీ ఫోటోలు తీసి నాన్న ఫోన్‌కి పంపా. వాళ్ళు ముందు రోజు మధ్యాహ్నమే దిగుతున్నారు.

మీ సెంటర్ ఎక్కడ పడిందో కింద రాయండి. దగ్గర్లో ఉన్న హాస్టల్ వాళ్ళం ఎవరో ఒకరం వెళ్ళి గేటు చూసి చెప్తాం. రాత్రి స్టడీ అవర్ అయ్యాక తొమ్మిదిన్నర నుంచి ఫోన్ చూస్తా, అప్పటిదాకా రిప్లై రాకపోతే ఏమీ అనుకోవద్దు.